నాలుగు మైళ్ళ దారి, నలభై ఏడేళ్ళ నిరీక్షణ

న్యూజెర్సీ మధ్యభాగంలో నివసించే తెలుగువారిలో 206వ నంబరు రహదారిని ఎరగనివారు తక్కువ. ప్రిన్స్‌టన్, లారెన్స్‌విల్ ప్రాంతాల నుంచి బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరాలయానికి బయలుదేరిన కుటుంబాలు మాంట్‌గోమరీ, హిల్స్‌బరో టౌన్‌షిప్‌ల మీదుగా ఆ దారినే ఉత్తరానికి వెళ్తాయి. దక్షిణాన హామంటన్ వద్ద మొదలై, న్యూజెర్సీని నిలువునా దాటి పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్ చేరే ఈ రహదారి పొడవు సుమారు 130 మైళ్ళు. పేరుకు జాతీయ రహదారే అయినా, హిల్స్‌బరో ఊరి మధ్యలో చాలాకాలం అది అటొకటి ఇటొకటి వరుసలున్న సాధారణమైన వీధి. దానికి ఇరువైపులా దుకాణాలు, పెట్రోలు బంకులు, బ్యాంకులు, ఇళ్ళు. ప్రతి ముంగిలి నుంచీ ఎవరో ఒకరు ఎడమవైపుకు తిరగటానికి ఆగుతారు. ఆగిన ఒక్క కారు వెనుక మైలు పొడవునా వాహనాలు నిలుస్తాయి.

ఈ ఇబ్బందికి పరిష్కారంగా ఊరి తూర్పుపక్క నుంచి ఒక బైపాస్ నిర్మించాలన్న ప్రతిపాదన 1974లో వచ్చింది. దాని మధ్యభాగంలో వాహనాలు తిరగటం మొదలైంది 2013 అక్టోబరు 28న. మొత్తం దారి పూర్తయింది 2021లో. సుమారు నాలుగు మైళ్ళ దారికి నలభై ఏడేళ్ళు పట్టింది. హిల్స్‌బరో మాజీ మేయరు, రాష్ట్ర శాసనసభ సభ్యుడు పీటర్ బియాండీ పేరును ఈ బైపాస్‌కు పెట్టారు. ఆయన 2011లో మరణించారు. చివరి భాగం తెరుచుకునేసరికి ఆయన పోయి పదేళ్ళయింది.

చంద్రుడి మీదకు ఎనిమిదేళ్ళలో మనుషులను పంపిన దేశంలో ఒక ఊరి రోడ్డుకు ఇంతకాలం ఎందుకు పట్టింది? అవినీతి అనో, అలసత్వం అనో ఒక్క మాటతో తేల్చేస్తే అసలు సంగతి అందదు. ఈ ఆలస్యానికి పలు కారణాలున్నాయి. వాటిలో కొన్ని ప్రజల మేలు కోరి పెట్టుకున్నవే. కొన్ని మాత్రం ప్రాణాలు తీసేవి. ఏది ఏదో తెలుసుకోవడం ఆ దారుల్లో రోజూ పిల్లలను బడికి తీసుకువెళ్ళే వారికి అవసరం.

రాని హైవే తెచ్చిన రద్దీ

206వ నంబరు దారి కథ దాని పక్కన ఎన్నడూ కట్టని మరో రహదారితో ముడిపడి ఉంది. మెయిన్ నుంచి ఫ్లోరిడా దాకా సాగే ఇంటర్‌స్టేట్ 95లో ఒక భాగం హోప్‌వెల్ నుంచి పిస్కాటవే దాకా ఈ ప్రాంతం గుండా పోవలసి ఉండేది. దానికి సోమర్సెట్ ఫ్రీవే అని పేరు కూడా పెట్టారు. పొలాలూ పాత ఊళ్ళూ పాడవుతాయని అక్కడివారు గట్టిగా వ్యతిరేకించారు. చివరకు 1982 నాటి కేంద్ర రవాణా చట్టంతో ఆ ప్రతిపాదన రద్దయింది. దానికి ప్రత్యామ్నాయంగా పెన్సిల్వేనియాలోని బ్రిస్టల్ వద్ద 95ను అక్కడి టర్న్‌పైక్‌తో కలపాలని నిర్ణయించారు. ఆ కలయిక జరిగింది 2018 సెప్టెంబరులో. అంటే ప్రత్యామ్నాయానికే ముప్ఫై అయిదేళ్ళు దాటింది.

హైవే రద్దయింది కాని, దాని మీద ప్రయాణించవలసిన జనం రద్దు కాలేదు. హిల్స్‌బరో జనాభా 1970లో పదకొండు వేలు. 1990 నాటికి ఇరవై ఎనిమిది వేలు దాటింది. 2000 నాటికి ముప్ఫై ఆరు వేలు, 2020 నాటికి నలభై మూడు వేలు. మొక్కజొన్న పండిన నేలలో ఇళ్ళ వరుసలు లేచాయి. మందుల కంపెనీలు, టెలిఫోన్ సంస్థలు, ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఈ చుట్టుపక్కలకు వచ్చాయి. ఆ ఉద్యోగాల వెంటే తెలుగువారూ వచ్చారు. మంచి బడులున్న ఊరు చూసుకుని ఇల్లు కొనుక్కున్న ప్రతి కుటుంబం కనీసం రెండు కార్లను ఆ రెండు వరుసల దారి మీదకు తెచ్చింది. రద్దీని తిట్టుకునే ప్రతివారూ ఆ రద్దీలో భాగస్వాములే.

ఊరు ఒకరిది, దారి ఇంకొకరిది

భారతదేశం నుంచి వచ్చినవారికి అమెరికా పాలనలో తొందరగా అర్థం కాని విషయం ఒకటుంది. ఊరి మధ్య దారి ఆ ఊరిది కాకపోవచ్చు. న్యూజెర్సీలో 21 కౌంటీలు, 564 స్థానిక పురపాలక సంస్థలు ఉన్నాయి. ఒకే కూడలిలో కలిసే రెండు దారుల్లో ఒకటి రాష్ట్రానిది, మరొకటి కౌంటీది కావచ్చు. ఆ కూడలికి ఆనుకుని ఉన్న వీధి టౌన్‌షిప్‌ది కావచ్చు. 206 రాష్ట్ర రవాణా శాఖ ఆధీనంలోనిది. దాని మీద ఒక సిగ్నల్ దీపం పెట్టాలన్నా, వేగపరిమితి మార్చాలన్నా టౌన్‌షిప్ సభ తీర్మానం చేసి అర్జీ పెట్టుకోగలదే తప్ప సొంతంగా ఏమీ చేయలేదు.

అదే సమయంలో, ఆ దారి పక్కన ఎన్ని ఇళ్ళు కట్టవచ్చో, ఎంత పెద్ద దుకాణ సముదాయం రావచ్చో నిర్ణయించేది టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు. ఇళ్ళ మీద వచ్చే ఆస్తిపన్ను టౌన్‌షిప్‌కూ, బడికీ, కౌంటీకీ చేరుతుంది. ఇళ్ళ వల్ల పెరిగిన రద్దీ బాధ్యత మాత్రం రాష్ట్రం మీద పడుతుంది. రద్దీని పుట్టించే అధికారం ఒకచోట, దానిని తగ్గించే అధికారం ఇంకొకచోట ఉన్నందువల్ల రెంటికీ పొత్తు కుదరదు. రాష్ట్ర రహదారుల మీదకు కొత్త ముంగిళ్ళు తెరవడాన్ని నియంత్రిస్తూ న్యూజెర్సీ 1989లో ఒక చట్టం చేసింది. అప్పటికే తెరిచి ఉన్న వందలాది ముంగిళ్ళను మూయించడం ఎవరి తరమూ కాలేదు.

ప్రాజెక్టుల వరుసక్రమాన్ని నిర్ణయించే ప్రాంతీయ సంస్థలు మరో అంచె. 206 మీద ప్రిన్స్‌టన్ దాటి మాంట్‌గోమరీలోకి రాగానే మెర్సర్ కౌంటీ అయిపోయి సోమర్సెట్ కౌంటీ వస్తుంది. మెర్సర్‌కు సంబంధించిన ప్రణాళిక ఫిలడెల్ఫియా కేంద్రంగా పనిచేసే డెలవేర్ వ్యాలీ సంస్థది. సోమర్సెట్‌కు సంబంధించినది పదమూడు కౌంటీలను చూసే నార్త్ జెర్సీ సంస్థది. ఒకే దారి, ఒకే వరుస కార్లు, రెండు ప్రణాళికా సంస్థలు.

కాగితం మీద ప్రయాణం

కేంద్రప్రభుత్వ నిధులు కలిసిన రోడ్డు పని ఏదైనా దాదాపు ఒకే మార్గంలో నడుస్తుంది. ముందు సమస్యను అధ్యయనం చేస్తారు. తరువాత ప్రాథమిక నమూనా గీస్తారు. పర్యావరణం మీద ప్రభావాన్ని అంచనా కడతారు. బహిరంగ సభ పెట్టి ప్రజల అభిప్రాయం తీసుకుంటారు. తుది నమూనా సిద్ధం చేస్తారు. భూమి సేకరిస్తారు. కరెంటు స్తంభాలు, గ్యాస్ గొట్టాలు, నీటి గొట్టాలు, టెలిఫోన్ తీగలు తరలిస్తారు. అప్పుడు టెండర్లు పిలిచి పని మొదలుపెడతారు. దారి తవ్వటం చూసి జనం పని మొదలైందనుకుంటారు గాని, అప్పటికి కథలో అధికభాగం అయిపోయి ఉంటుంది.

ఈ దశలన్నీ ఊరికే పుట్టలేదు. 1950లు, 60లలో అమెరికా హైవేలు ఏ అడ్డూ లేకుండా వేశారు. మినసోటాలోని సెయింట్ పాల్ నగరంలో రాండో అనే నల్లజాతి పేటను ఇంటర్‌స్టేట్ 94 రెండుగా చీల్చింది. వందల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. న్యూయార్క్‌లో రాబర్ట్ మోజెస్ తలపెట్టిన లోయర్ మాన్‌హాటన్ ఎక్స్‌ప్రెస్‌వేను జేన్ జేకబ్స్ వంటివారు పోరాడి ఆపారు. ఆ అనుభవాల నుంచే చట్టాలు వచ్చాయి. 1966 చట్టం పార్కులకు, చారిత్రక స్థలాలకు రక్షణ ఇచ్చింది. 1970 జనవరి 1న సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రభావ నివేదికలను తప్పనిసరి చేసింది. అదే ఏడు చేసిన మరో చట్టం ఇళ్ళు కోల్పోయేవారికి న్యాయమైన పరిహారం, పునరావాసం ఇవ్వాలంది. చిత్తడినేలల పరిరక్షణకు న్యూజెర్సీ 1987లో సొంత చట్టం చేసుకుంది. అరుదైన గబ్బిలాలు గూడు కట్టే ప్రాంతాల్లో చెట్లను చలికాలంలోనే కొట్టాలన్న నిబంధన కూడా ఉంటుంది. ఆ కాలం దాటిపోతే ఒక ఏడాది దాటిపోయినట్టే.

పూర్తిస్థాయి పర్యావరణ ప్రభావ నివేదికకు సగటున నాలుగున్నరేళ్ళు పడుతోందని 2020లో శ్వేతసౌధ పర్యావరణ మండలి లెక్క తేల్చింది. రెండేళ్ళలో ముగించాలని 2023లో కాంగ్రెస్ గడువు విధించింది. అయితే నిందనంతా ఈ చట్టం మీదే మోపడం సరికాదు. రోడ్డు పనుల్లో అత్యధికభాగానికి పూర్తి నివేదిక అవసరం లేదు, క్లుప్తమైన పరిశీలన చాలు. అవి కూడా పదీ పదిహేనేళ్ళు సాగుతున్నాయంటే కారణం మరోచోట వెతకాలి.

డబ్బు, ధర, పరిమాణం

మొదటి కారణం డబ్బు. పెట్రోలు మీద కేంద్ర పన్ను గాలనుకు 18.4 సెంట్లు. 1993 నుంచి అది మారలేదు. ధరలు పెరిగాయి, కార్లకు గాలనుకు నడిచే మైళ్ళూ పెరిగాయి. కాబట్టి అదే పన్నుతో కొనగలిగిన తారూ కాంక్రీటూ ఏటేటా తగ్గుతున్నాయి. న్యూజెర్సీ పన్ను చాలాకాలం 14.5 సెంట్లే, దేశంలో అతి తక్కువ పన్నుల్లో ఒకటి. 1984లో ఏర్పడిన రాష్ట్ర రవాణా నిధి అప్పుల మీద నడిచి, 2016 వేసవికి అడుగంటింది. ఆ జూలైలో గవర్నరు క్రిస్టీ ఆదేశంతో రాష్ట్ర నిధులతో సాగే రోడ్డు, రైలు పనులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నవంబరు 1 నుంచి పన్ను 23 సెంట్లు పెంచాకే నిధి కోలుకుంది. ఆగిన యంత్రాలను తిరిగి కదిలించడానికి కూడా ఖర్చు ఉంటుంది.

రెండో కారణం ఆలస్యమే. కేంద్రం సాధారణంగా 80 శాతం, రాష్ట్రమో ఊరో 20 శాతం భరించే పద్ధతిలో, ప్రాంతీయ సంస్థ కనీసం నాలుగేళ్ళ జాబితా తయారుచేస్తుంది. జాబితాలోని పనులకు డబ్బు కనబడాలన్నది నియమం. అంచనా వేసిన నాటి ధర పని చేసే నాటికి నిలవదు. 2020 చివరినుంచి మూడేళ్ళలోనే దేశంలో రహదారి నిర్మాణ వ్యయం సగానికి పైగా పెరిగింది. పెరిగిన వ్యయానికి డబ్బు చాలక పని మరుసటి జాబితాకు జారుతుంది. ఈలోగా సిబ్బంది మారతారు, నమూనా ప్రమాణాలు మారతాయి, పాత వాహనాల లెక్క చెల్లకుండా పోతుంది, అధ్యయనం మళ్ళీ చేయాలి. రోగం ముదిరేదాకా ఆగి చేసే చికిత్సకు ఖర్చెక్కువ, ఫలితం తక్కువ. ఇక్కడా జరిగేది అదే.

మూడో కారణం అత్యాశ. 1970ల నాటి ఆలోచనలో హిల్స్‌బరో బైపాస్ ఒక పెద్ద హైవే. అంత పెద్దదానికి డబ్బు దొరకలేదు, స్థలమూ తేలిక కాలేదు. 2000ల తరువాత దానిని ఊరి తీరుకు సరిపడేలా కుదించి, ఖర్చు తగ్గించి, భాగాలుగా విడగొట్టాకే పని ముందుకు కదిలింది. ముందు మధ్యభాగం, తరువాత రెండు కొసలు. అసలు మొదటే చిన్నగా ఆలోచించి ఉంటే ఒక తరం ముందే పూర్తయ్యేదేమో అన్న ప్రశ్న మిగిలిపోయింది. అమెరికాలో ఆగిపోయిన చాలా ఊరి రోడ్ల వెనుక ఇదే కథ ఉంది. కావలసింది నడకబాట, ఎడమవైపు తిరిగేందుకు ఒక వరుస. గీసింది అయిదు వరుసల రహదారి.

పోల్చి చూడటానికి తెలుగునేల మీద ఒక ఉదాహరణ ఉంది. విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌కు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 2016 ఆగస్టు నాటి కృష్ణా పుష్కరాలకు సిద్ధం కావాలన్నది లక్ష్యం. ప్రారంభమైంది 2020 అక్టోబరు 16న. అక్కడ పని మొదలైన తరువాత గడువులు జారాయి. ఇక్కడ పని మొదలుకావడానికే దశాబ్దాలు జారాయి. మొదటి రకం ఆలస్యం అందరి కళ్ళకూ కనిపిస్తుంది కాబట్టి ప్రశ్నించేవారుంటారు. రెండోది దస్త్రాల్లో దాగి ఉంటుంది కాబట్టి అడిగేవారు తక్కువ.

రద్దీ వేరు, ప్రమాదం వేరు

ఇంతవరకూ చెప్పిన ఆలస్యం చికాకు పుట్టించేది. ప్రాణాంతకమైన ఆలస్యం ఇంకొకటుంది. ఊరి దారికి రెండు జబ్బులుంటాయి. ఒకటి రద్దీ, రెండోది ప్రమాదం. రెంటినీ ఒకే జబ్బుగా భావించి ఒకే మందు కోసం ఎదురుచూడటంలోనే పొరపాటు ఉంది.

రద్దీ ఉన్నంతసేపూ కార్లు నెమ్మదిగా కదులుతాయి. ఢీకొన్నా బంపర్లు సొట్టలు పోతాయి. అదే దారి రాత్రి పదింటికి ఖాళీ అయినప్పుడు వెడల్పాటి వరుసలు వేగాన్ని ఆహ్వానిస్తాయి. ప్రాణాలు పోయేది అప్పుడు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పరిశోధన సంస్థ 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, గంటకు 23 మైళ్ళ వేగంతో కారు ఢీకొన్నప్పుడు పాదచారి మరణించే అవకాశం సగటున 10 శాతం. 32 మైళ్ళ వేగానికి అది 25 శాతం. 42 మైళ్ళకు 50 శాతం. 50 మైళ్ళకు 75 శాతం. వేగంలో పది మైళ్ళ తేడా కారులోని మనిషికి ప్రయాణంలో ఒకటి రెండు నిమిషాలు. బయటి మనిషికి అది బ్రతుకుకూ చావుకూ మధ్య దూరం.

ఆ అధ్యయనంలోనే తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోవలసిన మరో మాట ఉంది. 25 మైళ్ళ వేగంతో కారు తగిలిన డెబ్బై ఏళ్ళ మనిషికి ఉండే ముప్పు, 35 మైళ్ళ వేగంతో తగిలిన ముప్ఫై ఏళ్ళ మనిషికి ఉండే ముప్పుతో సమానం. వయసు పైబడిన ఎముక విరిగే తీరు వేరు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి తలలో రక్తస్రావం ఆగటం కష్టం. పిల్లలను చూడటానికి ఆరునెలలకు వచ్చిన తల్లిదండ్రులు సాయంత్రం నడకకు వెళ్ళేది ఈ దారుల మీదకే. చాలాచోట్ల నడకబాట ఉండదు, ఉన్నా ఒక వీధి దాటాక మాయమవుతుంది. దారి దాటేముందు అరవై ఏళ్ళ అలవాటు కొద్దీ ముందు కుడివైపుకు చూస్తారు. ఇక్కడ కారు ఎడమవైపు నుంచి వస్తుంది.

దేశంలో రోడ్ల మీద మరణించిన పాదచారుల సంఖ్య 2009లో 4,109. 2022లో 7,500 దాటింది. ఇంజనీర్లకు అలవాటైన కొలతలు ఈ పెరుగుదలను పట్టుకోలేవు. ఒక కూడలికి ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా ఇచ్చే శ్రేణి, అక్కడ కారు ఎన్ని క్షణాలు ఆగవలసి వస్తుందో చెబుతుంది. దాటటానికి భయపడి ఇంట్లోనే ఉండిపోయిన ముసలావిడ ఆ లెక్కలోకి రాదు. వేగపరిమితిని కూడా చాలాకాలం ఆ దారిలో నూటికి ఎనభై అయిదుగురు నడిపే వేగాన్ని బట్టి నిర్ణయించేవారు. 2023 డిసెంబరులో వచ్చిన జాతీయ మార్గదర్శిని పదకొండవ కూర్పు ఆ పట్టును కొంత సడలించింది. కొత్త సిగ్నల్ కోరితే, ఏడాదిలో అయిదు ప్రమాదాలు నమోదయ్యాయా అని అడగటం పాత ఆనవాయితీ. దీపం వెలగాలంటే ముందు రక్తం కళ్ళబడాలన్నమాట.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరం ఇందుకు విషాదమైన సాక్ష్యం. అక్కడి కేంద్ర గ్రంథాలయం స్టేట్ స్ట్రీట్‌కు ఒకవైపు, దాని కార్ల స్థలం అవతలివైపు. మధ్యలో నాలుగు వరుసల దారి. తలుపుకు ఎదురుగా దాటుబాట లేదు. దూరంగా ఉన్న సిగ్నల్ దాకా నడిచి తిరిగి రావడం ఎవరికీ సహజం కాదు. 2014 డిసెంబరులో గ్రంథాలయం నుంచి బయటికి వచ్చి దారి దాటుతున్న ఏడేళ్ళ పాప కారు కింద పడి చనిపోయింది. దాటుబాట కావాలని అడిగినవారికి ఏళ్ళ తరబడి సాంకేతిక అభ్యంతరాలే సమాధానమయ్యాయి. మినసోటాకు చెందిన ఇంజనీరు చార్లెస్ మారోన్ ఈ ఉదంతాన్ని దేశమంతటికీ తెలిసేలా తన పుస్తకంలో చర్చించారు. 2021 నవంబరులో గ్రంథాలయ ఉద్యోగిని ఒకరు అదేచోట ప్రాణం కోల్పోయారు. ఆ తరువాత గాని నగరం దాటుబాట నిర్మాణానికి పూనుకోలేదు. అక్కడ కావలసింది నలభై ఏడేళ్ళ బైపాస్ కాదు. ఎత్తు చేసిన ఒక గీతల బాట, ఒక దీపం.

ఆగకుండా చేయదగినవి

రోడ్డు ప్రమాదాన్ని వైద్యశాస్త్ర దృష్టితో చూడటం నేర్పినవారు విలియం హాడన్. ఆయన వైద్యుడు, ప్రజారోగ్య నిపుణుడు. 1966లో కేంద్రప్రభుత్వం ఏర్పరచిన రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతి. గాయాన్ని అంటువ్యాధిలాగే విడదీసి చూడాలన్నారాయన. ప్రమాదానికి ముందు, ప్రమాద సమయంలో, ప్రమాదం తరువాత అన్న మూడు దశలను ఒకవైపు, మనిషి, వాహనం, పరిసరం అన్న అంశాలను ఇంకోవైపు పెట్టి ఒక పట్టిక గీశారు. ఆ పట్టికలోని ఏ గడిలో జోక్యం చేసుకున్నా ప్రాణం దక్కవచ్చు. డ్రైవరును మార్చేదాకా ఆగనక్కరలేదు, దారిని మార్చవచ్చు. పెద్ద దారి వచ్చేదాకా ఆగనక్కరలేదు, ఉన్న దారిలో చిన్న మార్పులు చేయవచ్చు. కలరా వచ్చిన ఊళ్ళో మంచినీటి పథకం పూర్తయ్యేదాకా ఉప్పు-చక్కెర నీళ్ళు పట్టకుండా ఎవరూ కూర్చోరు.

అటువంటి చిన్న మార్పుల ఫలితాలను కేంద్ర రహదారుల సంస్థ లెక్కగట్టింది. నడకబాట వేస్తే దారి వెంట నడిచేవారికి జరిగే ప్రమాదాలు 65 నుంచి 89 శాతం దాకా తగ్గాయి. దారి మధ్యలో నిలబడటానికి తిన్నె కట్టినచోట పాదచారుల ప్రమాదాలు 56 శాతం తగ్గాయి. నాలుగు వరుసల దారిని, మధ్యలో తిరిగేందుకు ఒక వరుసతో మూడు వరుసలుగా మార్చి గీసినచోట మొత్తం ప్రమాదాలు 19 నుంచి 47 శాతం తగ్గాయి. ఈ చివరిదానికి చాలాసార్లు కావలసింది రంగు మాత్రమే, అదీ ఎలాగూ కొత్త తారు వేసే ఏడాదిలో. సిగ్నల్ కూడలిని వలయంగా మారిస్తే ప్రాణాంతకమైన, తీవ్రమైన గాయాలు కలిగించే ప్రమాదాలు 78 శాతం తగ్గుతాయని అంచనా. ఇండియానాలోని కార్మెల్ నగరం మేయరు జేమ్స్ బ్రైనార్డ్ కాలంలో 150కి పైగా వలయాలు నిర్మించుకుంది.

న్యూజెర్సీలోనే మరో ఉదాహరణ ఉంది. హడ్సన్ నది ఒడ్డున కిక్కిరిసిన హోబోకెన్ నగరంలో, 2017 జనవరి తరువాత ఏడేళ్ళకు పైగా ఒక్కరు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. అక్కడివారు కొత్త హైవే ఏదీ కట్టలేదు. కూడలి మూలల్లో కార్లు నిలపకుండా కర్రలు పాతి, డ్రైవరుకూ పాదచారికీ ఒకరికొకరు కనబడేలా చేశారు. కాలిబాట మూలలను ముందుకు జరిపి దాటవలసిన దూరాన్ని తగ్గించారు. వేగపరిమితిని 20 మైళ్ళకు దించారు. ఏ వీధికి తారు వేసే వంతు వస్తే ఆ వీధిలో ఈ మార్పులు చేసుకుంటూ పోయారు. 206 వంటి రాష్ట్ర రహదారి మీద ఇవన్నీ యథాతథంగా కుదరవు. కాని ‘బైపాస్ వస్తుంది కదా, ఇప్పుడెందుకు’ అన్న మాటకు హోబోకెన్ ఒక జవాబు.

దారి వచ్చిన తరువాత

బైపాస్ తెరుచుకున్నాక దూరప్రయాణపు వాహనాలు పక్కకు మళ్ళుతాయి. ఆ వెసులుబాటును పాత దారి ఏం చేసుకుంటుందన్నది అసలు పరీక్ష. ఖాళీ అయిన పాత దారిని అలాగే వదిలేస్తే వేగం పెరుగుతుంది. దానిని ఊరి వీధిగా తీర్చిదిద్దితే నడకకూ వ్యాపారానికీ పనికివస్తుంది. కొత్త దారి చుట్టూ మళ్ళీ ఇళ్ళకు అనుమతులిస్తూ పోతే రద్దీ తిరిగివస్తుంది. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఈ సంగతి చెప్పారు. డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో దేశవ్యాప్త గణాంకాలతో నిరూపించారు. నగరాల్లో దారి పొడవు ఎంత పెరిగితే ప్రయాణించే మైళ్ళూ దాదాపు అంతే పెరిగాయి. హ్యూస్టన్ తెలుగువారికి పరిచయమైన కేటీ ఫ్రీవేను 2008 నాటికి కొన్నిచోట్ల పక్కదారులతో కలిపి 26 వరుసలకు విస్తరించారు. కొన్నేళ్ళకే అది మళ్ళీ నిండిపోయింది. హిల్స్‌బరో ఉత్తరభాగంలో వ్యాలీ రోడ్, బ్రౌన్ ఎవెన్యూల మధ్య 206ను వెడల్పు చేసే పనిని బైపాస్‌కు వేరుగా మరో ప్రాజెక్టుగా చేపట్టవలసి వచ్చింది. ఒక ముడి విప్పితే పక్కముడి బిగుస్తుంది.

ఎవరు అడగాలి

ఈ ప్రక్రియలో ప్రజల మాటకు చోటున్న సందర్భాలు మూడున్నాయి. ప్రాంతీయ సంస్థ నాలుగేళ్ళ జాబితాను ప్రకటించి అభిప్రాయాలు కోరే రోజులు మొదటిది. ప్రాథమిక నమూనా మీద జరిగే బహిరంగ సభ రెండోది. టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చే రాత్రి మూడోది. మూడింటిలోనూ మాట్లాడటానికి పౌరసత్వం అక్కరలేదు, ఓటుహక్కు అక్కరలేదు. హెచ్-1 వీసా మీద ఉన్నవారూ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారూ లేచి నిలబడి మాట్లాడవచ్చు. మొదటి రెండు సందర్భాల్లో మాటను రాసి కూడా ఇవ్వవచ్చు.

ఆ సభలకు వచ్చేవారిలో ఎక్కువమంది ఊళ్ళో చిరకాలంగా ఉన్న విశ్రాంత ఉద్యోగులు, దారి పక్కన దుకాణాల యజమానులు. వారి అభ్యంతరాల్లో న్యాయం ఉంటుంది. కాని రోజూ ఆ దారి మీద పిల్లలను తీసుకువెళ్ళేవారు, నడిచే తల్లిదండ్రులు ఉన్నవారు అక్కడ లేకపోతే వారి అవసరం నమూనాలోకి ఎక్కదు. పెద్ద దారి ఎప్పుడు వస్తుందన్నది అక్కడ ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. అది వచ్చేదాకా ఈ ఏడాది ఏం చేస్తారన్నది అడిగేవారు తక్కువ. 2021 నవంబరు నాటి కేంద్ర మౌలిక వసతుల చట్టం ఊళ్ళ రోడ్ల భద్రతకే అయిదేళ్ళకు అయిదు వందల కోట్ల డాలర్లు ప్రత్యేకించింది. రాష్ట్రం కోసం ఆగకుండా టౌన్‌షిప్‌లు, కౌంటీలు నేరుగా అర్జీ పెట్టుకోగలిగిన నిధి అది. తమ ఊరు అర్జీ పెట్టిందా, పెడితే ఏ కూడలికి పెట్టిందన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. జవాబు టౌన్‌షిప్ కార్యాలయంలో దొరుకుతుంది.